తెలుగు జవాబు సగంలో తెగి చివర � వస్తోంది. అసలు ఏఐ లోపల ఏం జరుగుతుంది?

కృష్ణాతీరం
ఓపెన్ మోడల్ ఒకటి సొంత మెషీన్‌లో నడుస్తోంది. 700 కోట్ల పారామీటర్లు (లోపలి నంబర్లు), టోకెన్ల (మోడల్ ఒక్కోసారి చదివే, రాసే ముక్కల) పట్టిక సైజు 32,000. వరిలో అగ్గితెగులు లక్షణాలు చెప్పమని ఇంగ్లీషులో అడిగితే రెండు పేరాలు శుభ్రంగా రాస్తుంది. అదే ప్రశ్న తెలుగులో వేస్తే నాలుగో వాక్యం దాకా కూడా రాదు, మధ్యలో తెగిపోయి చివర � గుర్తు పడుతుంది. వచ్చేది కూడా నత్తనడకే. రెండింటికీ సెట్టింగులు ఒకటే, గరిష్ఠ టోకెన్లు 512. దీనికి తెలుగు రాదనుకోవాలా, నా వైపు తప్పుందా? లోపల ఏం జరుగుతుందో మామూలు మాటల్లో చెప్పండి. "మనిషి మెదడు లాంటిది" అనే వివరణ మాత్రం వద్దు, అది ఎన్నిసార్లు చదివినా ఏమీ తెలియట్లేదు.

సర్వర్_సుబ్బయ్య
512 అన్నావు కదా, తెగేది అక్కడే. 2048 పెట్టి చూడు.

కృష్ణాతీరం
పెడితే పొడవు పెరుగుతుంది, సరే. ఇంగ్లీషుకి 512 సరిపోయి తెలుగుకి ఎందుకు చాలదు అన్నది ప్రశ్న.

బైట్_బాబాయ్
మోడల్‌కి అక్షరాలు కనపడవు. దానికి కనపడేది నంబర్ల వరస ఒక్కటే. ఇది పట్టుకుంటే నీ మూడు సమస్యలూ (తెగడం, � రావడం, నెమ్మది) ఒకే చోట తేలతాయి.

"అమ్మ" తీసుకో. తెర మీద రెండు అక్షరాలు. యూనికోడ్‌లో నాలుగు కోడ్లు (కోడ్ అంటే ఒక్కో అక్షరానికి, గుర్తుకి ఇచ్చిన నంబరు): అ, మ, పొల్లు, మ. తెలుగు కోడ్లన్నీ 3072 నుంచి 3199 మధ్య ఉంటాయి. యూటీఎఫ్-8లో (కోడ్లని బైట్లుగా దాచే పద్ధతి) రాస్తే ఒక్కో కోడ్‌కి 3 బైట్లు పడతాయి. ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు. కాబట్టి "అమ్మ" అంటే ఈ 12 బైట్లు:

224 176 133 (అ)
224 176 174 (మ)
224 177 141 (పొల్లు)
224 176 174 (మ)

"స్త్రీ" చూడు, కంటికి ఒక్కటే అక్షరం. లోపల స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం: 6 కోడ్లు, 18 బైట్లు.

ఇప్పుడు టోకెనైజర్ పని, అంటే పాఠాన్ని టోకెన్లుగా మార్చే భాగం. ఎక్కువసార్లు పక్కపక్కన వచ్చే జంటను కలిపి దానికి కొత్త నంబరు ఇస్తుంది. బైట్ పెయిర్ ఎన్‌కోడింగ్ అంటారు. 1994లో ఫిలిప్ గేజ్ ఫైళ్లు కుదించడానికి రాసిన పద్ధతి, తర్వాత అనువాద మోడళ్ల వాళ్లు అందిపుచ్చుకున్నారు. పై 12 బైట్ల మీద చేతితోనే చేసి చూడు. 224-176 జంట మూడుసార్లు ఉంది. దానికి 256 అని పేరు పెట్టు, 12 కాస్తా 9 అయింది. ఇప్పుడు 256-174 రెండుసార్లు ఉంది, అంటే "మ". దానికి 257. 9 కాస్తా 7 అయింది. ఇలా కలుపుకుంటూ పోతే ఎప్పటికో "అమ్మ" మొత్తం ఒకే టోకెన్ అవుతుంది.

కానీ పట్టికలో చోటు 32,000 మాత్రమే. కలపడానికి లెక్కపెట్టిన పాఠంలో ఇంగ్లీషు గుట్టలు గుట్టలుగా ఉండి తెలుగు చిటికెడు ఉంటే, చోటంతా ఇంగ్లీషు జంటలకే పోతుంది. తెలుగు దగ్గరికి వచ్చేసరికి పట్టిక నిండిపోయి ఉంటుంది. అక్షరం పట్టికలో లేకపోతే మూడు బైట్లుగా, అంటే మూడు టోకెన్లుగా విడగొట్టి పంపిస్తుంది.

ఇప్పుడు నీ 512 లెక్క. కోడ్‌కి 3 టోకెన్ల చొప్పున 170 కోడ్లు. తెలుగు పదానికి సగటున ఏడెనిమిది కోడ్లు వేసుకుంటే ఇరవై చిల్లర పదాలు. నీకు తెగుతున్నది సరిగ్గా అక్కడే కదా?

కృష్ణాతీరం
లెక్కపెట్టాను బాబాయ్, 23 పదాలు. మరి ఆ � ఎక్కడిది?

బైట్_బాబాయ్
మూడు బైట్ల అక్షరంలో ఒకటో రెండో వచ్చాక లిమిట్ అయిపోయింది. మిగిలిన బైటు లేకుండా అది ఏ అక్షరమూ కాదు. తెర మీద చూపించే ప్రోగ్రాం "ఇది చదవలేను" అని ఆ గుర్తు వేస్తుంది. మోడల్ తప్పేమీ లేదు.

సర్వర్_సుబ్బయ్య
చివర ఒక్కటే కాకుండా మధ్య మధ్యలో కూడా � లు వస్తుంటే మాత్రం నీ ప్రోగ్రాంలో తప్పు. టోకెన్ వచ్చిన వెంటనే దేనికది విడిగా డీకోడ్ చేస్తే (బైట్లని అక్షరంగా మారిస్తే) అక్షరం ముక్కలవుతుంది. బైట్లు పోగేసి, అక్షరం పూర్తయ్యాకే తెర మీదకి వదలాలి. పైథాన్‌లో కోడెక్స్ మాడ్యూల్లో ఇంక్రిమెంటల్ డీకోడర్ ఉంది. జావాస్క్రిప్ట్ అయితే టెక్స్ట్ డీకోడర్‌కి స్ట్రీమ్ ఆప్షన్ ఆన్ చెయ్యి. ఇంగ్లీషులో టెస్ట్ చేసినంతకాలం ఈ బగ్ బయటపడదు. ఒక అక్షరం ఒక బైటు కాబట్టి.

పదనిస
ఇంత లెక్క ఎందుకండీ, అది ఇంటర్నెట్‌లోంచి వెతికి ఇస్తుంది, తెలుగు పేజీలు తక్కువ కాబట్టి తక్కువ ఇస్తోంది. అంతే కదా?

వరంగల్_వాణి
కాదు పదనిస గారు. వెతకడం వేరే పని, దానికి విడిగా టూల్ తగిలించాలి. కృష్ణాతీరం గారి మెషీన్‌కి నెట్ తీసేసినా అది అలాగే జవాబు రాస్తుంది. లోపల పేజీలు ఉండవు, నంబర్లు ఉంటాయి. 700 కోట్ల పారామీటర్లు, ఒక్కోటి 2 బైట్లు అనుకుంటే మొత్తం 14 జీబీ ఫైలు. అది చదివిన పాఠం అంతకంటే ఎన్నో రెట్లు పెద్దది. అందులో పడదు.

ఆ నంబర్లు చేసే పని ఒక్కటే: ఇప్పటిదాకా వచ్చిన టోకెన్లు చూసి, తర్వాత ఏ టోకెన్‌కి ఎంత అవకాశం ఉందో చెప్పడం. "అడగందే అమ్మైనా" దాకా రాసి ఆపండి. మీ నోట్లో "అన్నం" వచ్చేసిందా, "పెట్టదు" వచ్చిందా? సామెత రెండు రకాలుగానూ వాడుకలో ఉంది కాబట్టి మోడల్ కూడా రెండింటికీ పంచుతుంది. స్కోర్లు ఇలా వేసిందనుకుందాం: అన్నం 2.0, పెట్టదు 1.0, ఇవ్వదు 0.1. వీటిని శాతాల్లోకి మారిస్తే సుమారు 66, 24, 10 వస్తాయి. అందులోంచి చీటీ తీసినట్టు ఒకటి తీస్తుంది. తీసినదాన్ని వాక్యం చివర అతికించి మళ్లీ మొదటినుంచి లెక్క. ఒక్కో టోకెన్‌కి మొత్తం 700 కోట్ల నంబర్ల గుండా ఒకసారి వెళ్లి రావాలి. తెలుగు నెమ్మది ఎందుకో ఇక్కడే తెలిసిపోతుంది. ఒక అక్షరం రాయడానికి మూడు సార్లు ఆ చుట్టు తిరుగుతోంది.

గణయతి
టెంపరేచర్ అంటారే, అది ఈ చీటీల దగ్గరేనా?

వరంగల్_వాణి
అక్కడే. స్కోర్లను టెంపరేచర్‌తో భాగించి, తర్వాత శాతాల్లోకి మారుస్తారు. 0.5 పెడితే పై మూడూ 86, 12, 2 అవుతాయి. 2 పెడితే 50, 30, 19. తక్కువ పెడితే ఎక్కువ మార్కులున్నదే గెలుస్తుంది, ఎక్కువ పెడితే వెనక ఉన్నవాటికీ వంతు వస్తుంది. బైట్లుగా విడిపోయే తెలుగులో దీనితో ఇంకో చిక్కు: టెంపరేచర్ బాగా పెంచితే మూడో బైటు తప్పు పడి "మ" రావాల్సిన చోట "య" వస్తుంది, చివరి నంబరు 174 బదులు 175 అంతే. పదం పాడైపోతుంది. పట్టిక చిన్నదైన మోడళ్లలో తెలుగుకి 0.3 దాటకపోవడం మంచిది.

కృష్ణాతీరం
ఆ నంబర్లు ఎవరు పెట్టారు మరి?

వరంగల్_వాణి
ఎవరూ పెట్టలేదు. మొదట ఇష్టం వచ్చినట్టు చల్లిన నంబర్లు. తర్వాత పాఠం చూపించి, తర్వాతి టోకెన్‌ని దాచి, ఊహించమంటారు. అసలు టోకెన్‌కి అది 2 శాతం ఇచ్చిందనుకోండి, తప్పు మార్కు 3.91 (2 శాతం సహజ లాగరిథమ్, గుర్తు మార్చి). నంబర్లన్నింటినీ తప్పు తగ్గే వైపు పిసరంత జరుపుతారు. మళ్లీ అలాంటి చోటు వచ్చినప్పుడు 10 శాతం ఇస్తే మార్కు 2.30కి దిగుతుంది. ఇదే పని లక్షల కోట్ల టోకెన్ల మీద. 2020లో వచ్చిన జీపీటీ-3కి 17,500 కోట్ల పారామీటర్లు, 30,000 కోట్ల టోకెన్ల పాఠం. ఆ పాఠంలో తొంభై శాతం పైన ఇంగ్లీషే.

డల్లాస్_దివిటి
"తర్వాతి పదం ఊహించడం మాత్రమే" అని తేల్చేస్తే చదివేవాళ్లు తక్కువ అంచనా వేస్తారు వాణి గారూ. సరిగ్గా ఊహించాలంటే లోపల చాలా పట్టుకోవాలి. తెలుగులో క్రియ చివర వస్తుంది. "లక్ష్మి నిన్న రాత్రి తమ్ముడితో కలిసి ఆఖరి బస్సులో ఊరికి" తర్వాత "వెళ్లింది" రావాలి, "వెళ్లాడు" కాదు. ఖాళీకి దగ్గరగా ఉన్న మనిషి తమ్ముడు, కర్త మాత్రం ఎక్కడో మొదట్లో ఉంది. ఆ "లక్ష్మి" దాకా వెనక్కి చూసి, "తో" తగిలిన తమ్ముడు కర్త కాదని గుర్తించాలి.

ఆ వెనక్కి చూసే భాగమే అటెన్షన్. 2017లో గూగుల్ పరిశోధకులు ట్రాన్స్‌ఫార్మర్ అనే నిర్మాణంలో దీన్నే ప్రధానంగా పెట్టారు. ప్రతి టోకెన్ ఒక నంబర్ల పట్టీగా మారుతుంది, కృష్ణాతీరం గారి సైజు మోడళ్లలో మామూలుగా 4096 నంబర్లు. ఒక్కో పొరలో ప్రతి టోకెనూ తన ముందున్నవాటిలో ఏది తనకి ఎంత పనికొస్తుందో తూకం వేసి, ఆ మేరకు వాటి సమాచారం తనలో కలుపుకుంటుంది. అలా ముప్ఫై పైచిలుకు పొరలు. "లక్ష్మి" అనే పదం ఏడెనిమిది బైట్ టోకెన్లుగా ముక్కలై ఉంటే, మొదటి కొన్ని పొరలు ఆ ముక్కలు కలిపి పదంగా గుర్తుపట్టడానికే ఖర్చవుతాయి.

బైట్_బాబాయ్
"లక్ష్మి" అంటే ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. 7 కోడ్లు, 21 బైట్లు దివిటి గారూ. ఏడెనిమిది కాదు.

డల్లాస్_దివిటి
అవును, 21. సరిచేసినందుకు థాంక్స్. నా మాటకి అది ఇంకా బలమే ఇచ్చింది.

గణయతి
ఇప్పుడర్థమైంది పద్యాలు ఎందుకు తప్పుతున్నాయో. ఆటవెలది రాయమంటే నాలుగు పాదాలు వస్తాయి, చదవడానికి తియ్యగా ఉంటుంది, గణాలు మాత్రం కుదరవు. ఒకటీ మూడూ పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండూ నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. ఇది అడిగితే తప్పులేకుండా చెప్తుంది. రాయడంలోనే పడిపోతుంది.

బైట్_బాబాయ్
ఎందుకు పడిపోతుందో "అమ్మ" మీదే చూపించొచ్చు. "అ" ఒంటరిగా లఘువు. వెనక "మ్మ" వచ్చేసరికి గురువైంది. గురువు, లఘువు, అంటే హగణం. మనం నోటితో అంటే తెలిసిపోతుంది. మోడల్‌కి "అమ్మ" పెద్ద పట్టికలో ఒకే నంబరు, చిన్న పట్టికలో 12 ముక్కలు. రెండు చోట్లా అక్షరం అనే కొలత లేదు. నియమం చెప్పగలదు, ఎందుకంటే నియమం గురించిన వాక్యాలు చదివింది. కొలవలేదు, ఎందుకంటే కొలిచే వస్తువు దాని ముందు లేదు.

పదనిస
"అమ్మమ్మ"లో "మ"లు ఎన్ని అని ఇప్పుడే ఒకదాన్ని అడిగాను. ఒకసారి 2 అంది, ఇంకోసారి 3. అమ్మమ్మని అడిగినా ఇంతకంటే నికరంగా చెప్పేది!

గణయతి
మ్మ, మ్మ. ఒత్తులతో కలిపి 4.

వరంగల్_వాణి
కంటికి కనపడే అక్షరాలు లెక్కపెడితే 2, కోడ్లు లెక్కపెడితే 4. మనుషుల్లోనే రెండు జవాబులున్నాయి. 3కి మాత్రం ఏ లెక్కా లేదు. "ఒక్కో కోడ్‌నీ కామాలతో విడదీసి రాసి తర్వాత లెక్కపెట్టు" అంటే చాలావరకు సరిగ్గా వస్తుంది. విడదీసి రాశాక ఒక్కొక్కటీ విడి టోకెన్‌గా దాని ముందుకొస్తుంది కాబట్టి.

గణయతి గారికి: పద్యం మోడల్‌తో రాయించి, గురులఘువులు మాత్రం చిన్న ప్రోగ్రాంతో కొలిపించండి. పాదం తప్పితే ఏ గణం ఎక్కడ పోయిందో చెప్పి ఆ పాదం ఒక్కటే తిరిగి రాయించాలి. పద్యం మొత్తం మళ్లీ అడిగితే బాగున్న పాదాలు కూడా మారిపోతాయి.

కృష్ణాతీరం
పెద్ద పట్టిక ఉన్న మోడల్‌కి మారితే తేడా ఎంత ఉంటుంది?

బైట్_బాబాయ్
చాలా. జీపీటీ-2 పట్టిక 50,257. అంటే 256 బైట్లు, 50,000 కలయికలు, ఒక ప్రత్యేక టోకెన్. జీపీటీ-4 నాటికి లక్ష, 2024లో జీపీటీ-4ఓతో రెండు లక్షలు. అప్పుడు ఓపెన్ఏఐ ఒకే పలకరింపుని ఇరవై భాషల్లో కొలిచి చూపింది. తెలుగులో 159 టోకెన్లు పట్టేది 45కి దిగింది. ఇంగ్లీషులో 27 కాస్తా 24. అంటే ఇంగ్లీషుతో పోలిస్తే దాదాపు ఆరు రెట్లున్న భారం రెండు రెట్ల లోపుకి వచ్చింది. ఓపెన్ మోడళ్లలో లామా-2 పట్టిక 32,000, లామా-3ది 1,28,000. పారామీటర్ల సంఖ్య చూసి మోడల్ ఎంచుకుంటారు అందరూ. తెలుగు పని అయితే ముందు పట్టిక చూడాలి. నీ పాఠంలోంచి ఓ వంద వాక్యాలు తీసి టోకెనైజర్‌కి ఇచ్చి, టోకెన్లని పదాలతో భాగించు. పదానికి 4 లోపు ఉంటే పనికొస్తుంది. 10 దాటితే వదిలెయ్.

సర్వర్_సుబ్బయ్య
లేదా ఇంగ్లీషు లిపిలో తెలుగు రాసి పంపు, టోకెన్లు సగానికి పడిపోతాయి.

డల్లాస్_దివిటి
దానితో నేను ఒప్పుకోను సుబ్బయ్య గారూ. "చెప్పండి"ని ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు, ప్రతి స్పెల్లింగూ మోడల్‌కి వేరే టోకెన్ల వరస. పైగా "కల", "కళ" ఒకటైపోతాయి. ఖర్చు తగ్గినా అర్థం పోతుంది.

కృష్ణాతీరం
ఉన్న మోడల్‌కే పట్టిక మార్చెయ్యలేమా?

డల్లాస్_దివిటి
విడిగా మార్చలేరు. పట్టికలో ప్రతి వరసకీ ఆ 4096 నంబర్ల పట్టీ జతగా ఉంటుంది. పట్టిక మారిస్తే పాత నంబర్లకి అర్థం ఉండదు, చెత్త రాస్తుంది. పెంచొచ్చు. తెలుగు పాఠం మీద విడిగా 16,000 టోకెన్ల పట్టిక తయారుచేసి, లేనివి చేర్చాలి. 16,000ని 4096తో గుణిస్తే 6.55 కోట్ల కొత్త నంబర్లు, లోపలికి ఒకటి బయటికి ఒకటి కాబట్టి 13 కోట్లు. వాటిని ఇష్టమొచ్చినట్టు చల్లితే చాలా రోజులు తేరుకోదు. కొత్త టోకెన్‌ని పాత ముక్కలుగా విడగొట్టి, ఆ ముక్కల పట్టీల సగటుతో మొదలుపెట్టాలి. తర్వాత తెలుగు పాఠం మీద శిక్షణ. అందులో కొంత ఇంగ్లీషు కలపాలి, కలపకపోతే ఉన్న ఇంగ్లీషు మరిచిపోతుంది.

సర్వర్_సుబ్బయ్య
ఆ తెలుగు పాఠం శుభ్రం చెయ్యడమే సగం పని. మూడు చోట్ల దెబ్బ తగులుతుంది.

పాత డీటీపీ ఫైళ్లు అను ఫాంట్లలో ఉంటాయి, యూనికోడ్ కాదు. కాపీ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. ముందు కన్వర్టర్‌లో వేసి, వత్తులు, రావడులు కంటితో సరిచూడాలి. పుస్తకాలు, పత్రికలు ఇన్ని అచ్చైనా మోడళ్ల నోట్లోకి తెలుగు అంతగా వెళ్లకపోవడానికి ఇదో పెద్ద కారణం.

రెండోది ఐత్వం. దాన్ని ఒకే కోడ్‌గానూ రాయొచ్చు, ఎత్వం మీద ఇంకో గుర్తు పెట్టి రెండు కోడ్లుగానూ రాయొచ్చు. తెర మీద తేడా లేదు. మోడల్‌కి రెండు వేరు పదాలు. ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ నడిపితే ఒకటవుతాయి.

మూడోది కంటికి కనపడనిది. "సాఫ్ట్‌వేర్" అన్నప్పుడు "ట్" తర్వాత వత్తు పడకుండా ఆపే సున్నా వెడల్పు గుర్తు ఉంటుంది, అదీ 3 బైట్లే. కొందరు పెడతారు, కొందరు పెట్టరు. ఎన్ఎఫ్‌సీ దీన్ని ముట్టుకోదు. వెతుకులాటకి పోల్చేటప్పుడు తీసేయండి, తెర మీద చూపించే పాఠంలో తీయకండి, తీస్తే "వే" కాస్తా "ట" కింద వత్తైపోతుంది.

వరంగల్_వాణి
అగ్గితెగులు అన్నారు కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. లక్షణాలు మోడల్ బాగానే రాస్తుంది: ఆకుల మీద నూలు కండె ఆకారం మచ్చలు, మధ్యలో బూడిద రంగు, అంచు గోధుమ రంగు, కంకి దగ్గర మెడవిరుపు. చాలా చోట్ల ఒకేలా రాసి ఉన్న వాక్యాలు ఇవి. మందు మోతాదు అలా కాదు. ట్రైసైక్లజోల్ 75 శాతం పొడిమందు లీటరు నీటికి 0.6 గ్రాములు. మోడల్ దగ్గర "0", ".", "6" విడి టోకెన్లు. "లీటరుకు" తర్వాత ఏదో ఒక అంకె రావాలని దానికి తెలుసు, ఏ అంకె వచ్చినా వాక్యం అందంగానే ఉంటుంది. 0.6 బదులు 6 వచ్చినా అదే ధీమాతో రాస్తుంది. తెలియదు అనే ఖాళీ చీటీ ఆ డబ్బాలో చాలా అరుదు.

కాబట్టి మోతాదు మోడల్ చేత రాయించకండి. వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫార్సుల్ని పట్టికగా పెట్టుకుని, మోడల్ తెగులు పేరు మాత్రం తేల్చాక, మోతాదు వాక్యం ప్రోగ్రామే పట్టికలోంచి తెచ్చి అతికించాలి.

పదనిస
ఆ సిఫార్సుల పుస్తకం మొత్తం ప్రశ్నతో పాటే ఇచ్చేస్తే?

సర్వర్_సుబ్బయ్య
పట్టదు, పట్టినా ఖర్చు. మోడల్‌కి జ్ఞాపకం లేదు, ప్రతి ప్రశ్నకీ పాత సంభాషణ అంతా మళ్లీ పంపుతాం. ఒక్కో విడతకి 500 టోకెన్లు చేరితే పది విడతలకి పంపేది 5,000 కాదు, 27,500. ముక్కలుగా కోసి, ప్రశ్నకి దగ్గరైన రెండు మూడు ముక్కలు మాత్రం జతచెయ్యాలి. కోసేటప్పుడు అక్షరాల లెక్కన కోయొద్దు, టోకెన్ల లెక్కన కొయ్యాలి. ముక్కల్ని పోల్చే ఎంబెడింగ్ మోడళ్లలో చాలావాటికి 512 టోకెన్ల హద్దు. తెలుగు పేరా దాటితే తోక కత్తిరించేస్తుంది, ఎర్రర్ కూడా చూపించదు. మోతాదు సాధారణంగా పేరా చివరే ఉంటుంది.

కృష్ణాతీరం
బాబాయ్ చెప్పినట్టు వంద వాక్యాలతో కొలిచాను. పాత మోడల్: పదానికి 19 టోకెన్లు. లక్షా ఇరవై ఎనిమిది వేల పట్టికది కూడా 10 దాటింది, వదిలేశాను. రెండు లక్షల పైచిలుకు పట్టిక ఉన్న ఇంకో ఓపెన్ మోడల్: 4 లోపే. అదే ప్రశ్న, అదే 512, జవాబు పూర్తిగా వచ్చింది. డీకోడర్ మార్చాను, � పోయింది. మోతాదుల పట్టిక విడిగా పెడుతున్నా. ముక్కల తోక తెగుతోందో లేదో ఎలా పట్టుకోవాలి సుబ్బయ్య గారూ?

సర్వర్_సుబ్బయ్య
ప్రతి ముక్కనీ ఎంబెడింగ్ మోడల్ సొంత టోకెనైజర్‌తోనే లెక్కపెట్టు, జవాబు రాసే మోడల్‌ది వాడితే లెక్క తప్పుతుంది. 480 దాటినవన్నీ ఒక ఫైల్లోకి రాయించు. వాటిని వాక్యం చివర, పూర్ణవిరామం దగ్గర కొయ్యి. "0.6"లో చుక్క దగ్గర తెగకుండా, చుక్క తర్వాత ఖాళీ ఉంటేనే కొయ్యమని రాయడం మర్చిపోకు.